తామ్రధేనువు గర్భంలో

పింగళానది మూడు పాయలుగా చీలి మళ్ళీ ఒక్కటయ్యే చోట, నీటి నడుమ నిట్టనిలువుగా లేచిన ఎర్రరాతి కొండమీద కొమ్మగిరి దుర్గం ఉంది. దూరపు బాటసారి కంటికి అది నీళ్ళు తాగడానికి వంగిన ఏనుగు. తూర్పున గుండ్రని జంట బురుజులు దాని కుంభస్థలం. నదిమీదికి చాచుకుని ఉన్న సన్నని రాతికొమ్ము దాని దంతం. ఆ కొమ్మును గండశిల అంటారు. కోటలో నేరం రుజువైనవారిని అక్కడినుంచే నదిలోకి తోస్తారు. మూడు పాయలూ ఢీకొనే ఆ సుడిలో పడినవారి ఎముక కూడా ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

జ్యేష్ఠమాసపు ఆ ఉదయం ఒక ఒంటెద్దు బండి ఆ ఏనుగు వీపుమీదికి మెల్లగా ఎక్కుతోంది. బండిలో నాలుగు ఇత్తడి గంగాళాలు. మూడింటిలో నానబెట్టిన చింతపండు. నాలుగోదానిలోనూ పైకి కనిపించేది చింతపండే. దాని అడుగున మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, నోట వెదురుగొట్టం కరిచిపట్టుకుని, ఆ కోటకు వారసుడైన నన్నిదేవుడు కూర్చుని ఉన్నాడు.

“చచ్చిన దొరా, ఉన్నావా, మళ్ళీ పోయావా?” అంది బండి తోలుతున్న కంచరి నాగవ్వ, వెనక్కి తిరగకుండానే.

గంగాళం లోపలినుంచి రెండుసార్లు చప్పుడయింది.

“ఉన్నావన్నమాట. ఇంకో రెండు మలుపులు ఓర్చుకో. నువ్వు కదిలితే పులుసు ఒలుకుద్ది, పులుసు ఒలికితే నా పరువు పోద్ది.”

నన్నిదేవుడు చనిపోయి అప్పటికి ఏడాది.

రెండు రాజ్యాల నడుమ సంధి నిలవడానికి, ఎనిమిదో ఏట అతణ్ణి తండ్రి జామీనుగా నది అవతలి శ్వేతావతికి పంపాడు. పద్నాలుగేళ్ళు అతడు శ్వేతావతి రాణి చంద్రకేశి పెట్టిన అన్నం తిని, ఆమె కాపలావాళ్ళ నడుమ పెరిగాడు. ఈలోగా తల్లీ తండ్రీ పోయారు. అతనికంటే పన్నెండేళ్ళు పెద్దదైన అక్క మైలమసాని కొమ్మగిరిని ఏలుతోంది. నిరుడు చంద్రకేశికి గురువైన కపిలజటుడనే మాంత్రికుడు నన్నిదేవుణ్ణి ఒక పాడుబావిలోకి దింపించి, అతడు చనిపోయాడని కొమ్మగిరికి కబురంపాడు. దేహం రాలేదు. మైలమసాని మూడువందల అరవై మోదుగ కాడలతో తమ్ముడి బొమ్మ కట్టించి, శాస్త్రం చెప్పినట్టు దహనం చేయించింది.

బావిలోంచి బయటపడిన నన్నిదేవుడు మూడు నెలల్లో మూడు జన్మలెత్తి సరిహద్దు దాటాడు. ఒక మందవెంట గొల్లగా నడిచాడు. ఒక గానుగలో తెలికవాడుగా తిరిగాడు. ఒక పెళ్ళిపల్లకి కింద బోయీగా భుజం కాయలు కట్టించుకున్నాడు. చివరికి కొమ్మగిరి గుమ్మం ముందు నిలబడి మొట్టమొదటిసారి తన పేరు తాను చెప్పుకున్నాడు. ద్వారంలో ఉన్న పన్నెండుమంది భటులూ ఒక్క మాట మాట్లాడకుండా అతనికి వీపు తిప్పారు.

అది వాళ్ళ కాఠిన్యం కాదు, కొమ్మగిరి ధర్మం. కర్మకాండ జరిగిన మనిషి తిరిగి వస్తే వాడు ప్రేతం. ఆ ఇంటివాళ్ళు, ఆ ఇంటి ఉప్పు తినేవాళ్ళు వాడి మొగం చూడరాదు, వాడితో పలకరాదు, వాణ్ణి తాకరాదు. వాడు మళ్ళీ మనిషి కావాలంటే దారి ఒక్కటే. కోట నడిబొడ్డున ఉన్న తామ్రధేనువు నోట్లో ప్రవేశించి, దాని గర్భంలో కాసేపు ఉండి, శిశువుగా వెలికి రావాలి. ఆ ధేనువు పరాయివాణ్ణి కనదని కొమ్మగిరివారి నమ్మకం.

నన్నిదేవుడు గుమ్మం ముందు నిలబడేనాటికి మరొక నన్నిదేవుడు అంతకుముందే వచ్చి ఉన్నాడు.

వాడికీ అదే మొగం. అదే ఎడమ కనుబొమమీది గాటు. కపిలజటుడు ఒక నటుడికి పసరులు పూసి, నలభై రోజులు చీకట్లో ఉంచి, ఆ మొగం అచ్చు దింపాడు. ఆ ప్రేతం కోట బయట నిలబడి, వీపులు తిప్పిన జనం అందరికీ వినపడేటట్టు ఒకే మాట చెప్పింది: “నాకు విషం పంపి చంపించింది మా అక్క మైలమసాని.” చచ్చినవాడికి అబద్ధమాడే అవసరం లేదని కొమ్మగిరిలో పసిపిల్లలకు కూడా తెలుసు. మైలమసానిని ఆ క్షణానే బంధించారు. ఇవాళ మధ్యాహ్నం, సూర్యుడు నడినెత్తికి వచ్చేవేళ, ఆ ప్రేతం ధేనువులోకి ప్రవేశిస్తుంది. ఆ తరువాత మైలమసానిని గండశిలమీదినుంచి తోస్తారు.

నన్నిదేవుడి ఉపాయం ఒక్కటే. వాడికంటే ముందు తాను గర్భంలో ఉండాలి. వాడికంటే ముందు తాను పుట్టాలి. మనిషినయ్యాక తన మాట అందరూ వినక తప్పదు, అప్పుడు అక్క బతుకుతుంది. కోట ధర్మాలు పట్టించుకోని కంచరి నాగవ్వ ఒక్కతే అతనితో పలికి, ఈ ఉపాయానికి చెయ్యి కలిపింది.

బండి ఆగింది.

కొమ్మగిరి భటులు ప్రేతాన్ని తాకరు కనుక, ధర్మానికి సాక్షులుగా వచ్చామంటూ శ్వేతావతి ఈటెకాండ్రు ద్వారం దగ్గర కాపు వేశారు. వాళ్ళ మధ్య ఇనుప గొలుసుకు కట్టిన మచ్చల దుమ్ములగొండి ఒకటి ఉంది. బావిలో నన్నిదేవుడు విడిచిన బట్టలు నమలడానికి వేసి కపిలజటుడు దాన్ని పెంచాడు. అది బండిని చూడగానే లేచి, మెడ బిగించి, మనిషిలా నవ్వినట్టు అరిచింది.

“ఏమున్నాయే ముసలిదానా గంగాళాల్లో?”

“చింతపండు నాయనా. మీ దేశంలో రాగి సామాను ఉమ్మేసి తోముతారేమో, ఇక్కడ చింతపండేసి తోముతాం.”

“ధేనువుకా?”

“మరి నీ ఈటెకా? అదీ ఇటివ్వు, తళతళలాడిస్తా. తుప్పుపట్టి ఉంది.”

పక్కవాడు నవ్వాడు. మొదటివాడికి నవ్వు రాలేదు. వాడు ఈటె ఎత్తి మొదటి గంగాళంలో దించాడు, రెండోదానిలో దించాడు. దుమ్ములగొండి ముందుకాళ్ళు బండి చక్రంమీద వేసి ముట్టె నాలుగో గంగాళం దగ్గరికి చాచింది. చింతపులుపు దాని ముక్కుపుటాలకెక్కింది. అది వరసగా తుమ్మి, ముట్టె దుమ్ములో రాసుకుంటూ వెనక్కి పోయింది.

“పొడువు నాయనా, పొడువు. అడుగు చిల్లిపడితే మాటు కూడా నువ్వే వేద్దువుగాని,” అంది నాగవ్వ, కొరడాతో వీపు గోక్కుంటూ.

ఈటె నాలుగో గంగాళంలోకి దిగింది. నన్నిదేవుడి భుజంమీది చర్మాన్ని కోసి, ఎముకను రాసి, ఇత్తడికి తగిలి ఖంగుమంది. చీలిన కండలోకి చింతపులుసు చేరింది. కళ్ళలో నిప్పులు రాలాయి. అతడు వెదురుగొట్టాన్ని పళ్ళతో పగిలేదాకా కొరికాడు గాని ఊపిరి తప్పు పడనివ్వలేదు. పైకి తేలిన నెత్తురు ఎరుపు చింతపండు రంగులో కలిసిపోయింది.

“పో,” అన్నాడు ఈటెకాడు.

తామ్రధేనువు కోటలోపలి ముంగిలి అయిన దేవడి నడుమ, పదహారు రాతి స్తంభాల మధ్య, ఆకాశం కింద నిలబడి ఉంది. పదిహేను మూరల పొడవు, ఏనుగంత ఎత్తు. మూడువందల ఏళ్ళ కిందట నాగవ్వ మామగారి వంశంవారు నూటఎనిమిది రాగిరేకులు కొట్టి, అతుకు కనిపించకుండా దాన్ని కట్టారు. కళ్ళు స్ఫటికాలు. కొమ్ములకు బంగారు తొడుగులు. మెడలో ముడతలు, గంగడోలు, పొదుగుమీది నరాలు సైతం సుత్తిదెబ్బతో పలికించిన పనితనం. ఉదయపుటెండలో దాని ఒళ్ళు అప్పుడే ఈని లేచిన ఆవు ఒళ్ళులా నిగనిగలాడుతోంది. కంచరి కులంవారు తప్ప దాన్ని ఎవరూ తాకరు. అందువల్ల నాగవ్వ గంగాళాలు దింపి తోమడానికి కూర్చున్నప్పుడు దేవడిలో ఉన్న పరిచారకులందరూ దూరం జరిగారు.

ధేనువు పొదుగు వెనుక, నాలుగు చన్నుల నడుమ, ఒక పలక కదులుతుంది. అది లోపల పేరుకున్న నెయ్యి గీకడానికి కంచరివాళ్ళు పెట్టుకున్న దారి. రాజుకు తెలియదు, పురోహితుడికి తెలియదు.

“లోన మెట్లుండవు, పక్కటెముకలుంటయ్. వాటిని పట్టుకుని ఎక్కు,” అంది నాగవ్వ గుసగుసగా, పలక పక్కకు జరిపి. “నట్టనడుమ ఎర్రతాడు వేలాడతా ఉంటది. అది బొడ్డుతాడు, నడుముకి కట్టుకో. వెనక తోలుతెర. గంట కొట్టంగానే దాన్ని నెట్టుకుని బయటపడు.”

“బయటపడ్డాక?”

“నాకు తెలిసింది రాగి దొరా. మీ ధర్మాలూ మీ పుస్తకాలూ నాకు తెలవ్వు. బయటపడేదాకా నా జవాబుదారీ. ఒక్కటి మాత్రం చెప్తా, ఇనుకో. ఇద్దరు మనుషులు తిత్తులతో దీనిమీద నీళ్ళు పోస్తానే ఉంటారు. పోసినంతసేపూ లోపలోడు బతుకుతాడు. మజ్జాన్నం ఎండకి నీళ్ళు పడకపోతే ఇది ఆవు కాదు, పెనం.”

“నీ మేలు మరవను, అవ్వా.”

“ముందు పుట్టు. మరవడం, మరవకపోవడం తరవాత చూద్దాం.”

పలక మూసుకుంది.

లోపల నెయ్యి వాసన, పాతరాగి వాసన. చీకటి కళ్ళకు అలవడ్డాక ధేనువు నాసికారంధ్రాలనుంచి రెండు సన్నని వెలుగుబద్దలు మెడగుండా లోపలికి పడటం కనిపించింది. నన్నిదేవుడు తాడు వెతికి నడుముకు మూడు చుట్లు చుట్టి ముడివేసుకున్నాడు. భుజంలోంచి నెత్తురు కారుతూనే ఉంది. పక్కటెముకలు పట్టుకుని మెడదాకా పాకి ఒక రంధ్రానికి కన్ను ఆనించాడు.

దేవడి దాటి, తెరిచిన ఉత్తరద్వారంలోంచి గండశిల సూటిగా కనిపించింది. దాని కొసన తెల్లచీరలో ఒక స్త్రీ, చేతులు వెనక్కి కట్టి, నదివైపు తిరిగి నిలబడి ఉంది. మొగం కనపడదు. ప్రేతం తిరిగే చోట ఆమె వీపు తిప్పే నిలబడాలి. పదిహేనేళ్ళ కిందట నదిరేవులో అతణ్ణి పడవలోకి ఎత్తి కూర్చోబెట్టిన చేతులు అవే. ఇప్పుడు వాటిని మూడు పేటల పగ్గంతో బిగించారు.

ఎండ పెరిగింది. రాగి ముందు గోరువెచ్చనై, తరువాత వేడెక్కి, అరచేయి ఆనించలేనంతగా కాలింది. పైన తిత్తులనుంచి నీళ్ళు పడి సుయ్యిమంటూ ఆవిరై లేచాయి. శంఖాలు మోగాయి. జనం గుమిగూడిన సవ్వడి, వాళ్ళంతా ఒక్కసారిగా వీపులు తిప్పినప్పటి బట్టల రెపరెప, మంత్రపాఠం. ధేనువు నోరు కిర్రుమని తెరుచుకుంది. ఎవరో మెడగుండా జారుకుంటూ వచ్చి అతని పక్కన పడ్డారు. నోరు మూసుకుంది.

ఆ మనిషి ఊపిరి పట్టాడు. తరువాత మెల్లగా అడిగాడు. “ఎవరది?”

“నన్నిదేవుణ్ణి.”

“నేనూ అంతే,” అన్నాడు వాడు. ఆ వెంటనే కత్తి ఒర విడిచిన చప్పుడు.

నన్నిదేవుడు పక్కకు దొర్లాడు. కత్తిమొన రాగిని గీరింది. నేతిజిడ్డుమీద కాలు నిలవదు, చేయి పట్టు దొరకదు. ఇద్దరూ చేపల్లా జారుతూ, పక్కటెముకలకు కొట్టుకుంటూ కలబడ్డారు. ఎదుటివాడి మొగంమీద చేయి పడితే నన్నిదేవుడికి తన ముక్కే తగిలింది, తన గడ్డమే, తన కనుబొమమీది గాటే. ఒక క్షణం ఎవరి గొంతు నులుముతున్నాడో అతనికే అనుమానం కలిగింది. రెండోసారి కత్తి అతని పక్కలోకి ఒక అంగుళం దిగింది. మూడోసారి లేచేలోగా అతడు ఆ మణికట్టు దొరకబుచ్చుకుని, కాలుతున్న కప్పుకు అదిమిపట్టాడు. మాంసం చుర్రుమంది. వాడు కేక మింగాడు. కత్తి జారి ఎక్కడో అడుగున పడింది.

బయట గంట మోగింది.

నన్నిదేవుడు వాణ్ణి వదిలి తోలుతెరవైపు పాకాడు. వెనకనుంచి వాడు కాలు పట్టుకుంటాడనుకున్నాడు. పట్టుకోలేదు. కాలిన చేయి ఊదుకుంటూ చీకట్లో నవ్వాడు.

“సరే దొరా, నువ్వే పుట్టు. నాకంటే నువ్వే బాగా పనికొస్తావు,” అని, రెండు పాదాలూ అతని తుంటికి ఆనించి బలంగా తోశాడు.

తోలుతెర చీల్చుకుని నన్నిదేవుడు వెలుగులో పడ్డాడు. తొడలదాకా బయట, మిగిలిన కాళ్ళు ధేనువులోనే. నాలుగు చేతులు అతణ్ణి పట్టుకుని, పసివాడి తలను ఆనించినట్టు అతని తలను ఒక ఒడిలో ఆనించాయి. పన్నీటి వాసన. మెడలో ముత్యాల సరులు. వంగి చూస్తున్న మొగం శ్వేతావతి రాణి చంద్రకేశిది.

“శిశువు కనపడింది,” అని చాటింపువాడు అరిచాడు. “బంధువులు మొగం చూడవచ్చు. పుట్టినవాడు పదకొండో నాడు పేరు పెట్టేదాకా నోరు విప్పడు. విప్పితే వాడు శిశువు కాడు, ప్రేతమే. అక్కడికక్కడే పొడిచి పారేయవలసింది.”

అతని రెండు పక్కలా రెండు ఈటెలు నిలిచాయి. తెరిచిన నోరు నన్నిదేవుడు అలాగే మూశాడు.

చంద్రకేశి అతని నుదుటినుంచి నెయ్యి తుడుస్తూ, ముద్దు పెట్టుకుంటున్నట్టు చెవి దగ్గరికి వంగింది. చేతికి తగిలిన భుజంమీది తాజా గాయాన్ని చూసి ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. తరువాత అవి మెరిశాయి.

“నువ్వా నాయనా. అసలువాడివే వచ్చావా. నా నటుణ్ణి ఏం చేశావు?” అంది సన్నని గొంతుతో. “పోనీలే. నిన్ను పట్టుకోవడానికి మూడు నెలలుగా రెండువేలమందిని తిప్పాను, నీ కాళ్ళతో నువ్వే నా ఒళ్ళోకి వచ్చావు. చూడు, కన్నతల్లి లేనప్పుడు అన్నం పెట్టి పెంచినదాని ఒళ్ళో పుట్టాలట. మీ పుస్తకంలోనే ఉంది. ఇకనుంచి నువ్వు నా కొడుకువి. నీకు పేరు పెట్టేదాకా ఈ కోట ముద్రిక నాది. పదకొండు రోజులు చాలా ఎక్కువ, నా సేనకు నది దాటడానికి రెండు చాలు.”

నన్నిదేవుడు లేవబోయాడు. ఆమె మోచేయి అతని గొంతుమీద మెత్తగా ఆనింది.

“మీ అక్క సంగతా? అది నువ్వే తేల్చావు కదయ్యా. ధేనువు పరాయివాణ్ణి కనదు. నువ్వు పుట్టావంటే లోపలికి వెళ్ళిన ప్రేతం నువ్వేనని రుజువయింది. ప్రేతం నువ్వే అయితే ఆ ప్రేతం చెప్పిన మాట నీ మాటే. ఇంతమంది చూస్తుండగా నువ్వు నీ అక్కమీద నేరం రుజువు చేశావు.” ఆమె గండశిలవైపు చూసి నిట్టూర్చింది. “ఎప్పుడో తోసేసేవారు. ధేనువు చూలుతో ఉన్నంతసేపు ఈ కోటలో ఎవరి ప్రాణమూ తీయరాదట. బొడ్డుతాడు తెగేదాకా చూలు కిందే లెక్కట. మీ ఆచారాలతో విసుగొచ్చింది నాకు.”

ఆమె పక్కన తెల్లని గడ్డంతో ధర్మాధికారి విష్ణుభట్టు బంగారు కొడవలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని చూపు శిశువుమీద లేదు. నీటి గడియారంలో తేలుతున్న చిల్లి గిన్నెమీద ఉంది. గిన్నె మునిగిన క్షణమే ముహూర్తం. గిన్నె అంచుకు నీరు ఇంకా రెండు వేళ్ళ దూరంలో ఉంది.

గండశిలమీద మైలమసాని ఇటు తిరిగింది.

ఏడ్చిన గుర్తులు లేవు. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు గాలికి ఎగురుతున్నాయి. ఆమె అతణ్ణి తలనుంచి తొడలదాకా ఒకసారి చూసింది, ఎవరో దూరపు ఊరినుంచి ఆలస్యంగా ఇంటికి వచ్చినప్పుడు చూసినట్టు.

“ఇంత పొడుగయ్యావురా నన్నీ,” అంది. ఎత్తని గొంతే గాని, రాతిగోడల మధ్య ప్రతి మాటా వినిపించింది. “నాన్న పోలికే వచ్చింది. ఇలా చిక్కిపోయావేం? పద్నాలుగేళ్ళు అన్నం పెట్టింది కదా ఆవిడ, కూర కలపకుండా పెట్టిందా ఏం?”

జనంలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. చంద్రకేశి పెదవులు బిగిశాయి.

“విషం నేను పంపలేదు. నువ్వెందుకలా అన్నావో నాకు తెలియదు, ఎవరు అనిపించారో. దానికిప్పుడు వేళ లేదు. భుజానికి ఆ గాయమేమిట్రా? ఎవరైనా వాడికి పసుపు పెట్టండి.”

అతడు నోరు విప్పితే ఈటెలు దిగుతాయి. విప్పకపోతే గిన్నె మునుగుతుంది. నీరు గిన్నె అంచుకు ఒక వేలి దూరానికి వచ్చింది. విష్ణుభట్టు ఎడమచేత్తో ఎర్రతాడు అందుకుని, కుడిచేత కొడవలి ఎత్తాడు.

నన్నిదేవుడు అక్కవైపు ఒక్కసారి తల అడ్డంగా ఊపాడు. ఆమెకు అర్థమయిందో లేదో చూడటానికి ఆగలేదు. గొంతుమీదున్న చంద్రకేశి మోచేతిని పళ్ళతో పట్టుకుని కొరికాడు. రాణి చేయి లాక్కుంది. అదే అదనుగా రెండు చేతులా తాడు పట్టుకుని, కాళ్ళు ధేనువు లోపలి పక్కటెముకలకు మెలివేసి, వెల్లకిలా తన దేహాన్ని తాను వెనక్కి లాక్కున్నాడు. నడుము లోపలికి పోయింది, గాయపడిన భుజం అంచుకు రాసుకుని లోపలికి పోయింది. కొడవలి దిగింది. తాడు తెగలేదు, అతని జుట్టు ఒక పిడికెడు తెగి రాణి ఒళ్ళో పడింది. తోలుతెర మూసుకుంది.

దేవడిలో జనం ఒకరినొకరు తోసుకుంటూ తోలుతెరవైపు మెడలు చాచారు.

లోపల చీకట్లో పడి ఉన్న నన్నిదేవుడికి రాగిగుండా ప్రతి మాటా గంటలోంచి వచ్చినట్టు వినిపించింది.

“ఏమిటిది?” కపిలజటుడి గొంతు. “ముహూర్తం దాటిపోతోంది. లోపలికి చెయ్యి పెట్టి బయటికి లాగండి.”

“శిశువును లాగరాదు,” విష్ణుభట్టు తొందరలేకుండా అన్నాడు. “పుస్తకంలో కనడం గురించి ఉంది. కనకపోవడం గురించి ఉంది. సగం పుట్టినవాడు వెనక్కి పోవడం గురించి లేదు. లేనిదాన్ని నేను చెప్పలేను. ఉన్నది చెబుతాను. తాడు తెగలేదు. ధేనువు చూలుతోనే ఉంది. ధేనువు చూలుతో ఉన్నంతసేపు కోటలో ప్రాణం తీయరాదు. గండశిలమీద ఉన్న దొరసానిని ఇవతలికి తీసుకురండి, ఎండలో నిలబెట్టవద్దు.”

“ఎంతసేపు?” చంద్రకేశి అడిగింది.

“శిశువు ఎప్పుడు వస్తే అప్పటిదాకా.”

 తరువాత కపిలజటుడు ఎంతో వినయంగా అన్నాడు. “ప్రసవం కష్టమైనప్పుడు ఒంటికి కాపు పెడతారు కదా స్వామీ. వేడి తగిలితే శిశువు త్వరగా వస్తాడు. ఆ తిత్తులవాళ్ళను దిగమనండి. దానికీ మీ పుస్తకంలో నిషేధమేమీ లేదు కదా.”

విష్ణుభట్టు గడ్డం నిమురుకున్నాడు. “లేదు,” అన్నాడు చివరికి, ఆ మాట చెప్పడం ఇష్టంలేనట్టు.

“నీళ్ళు ఆపితే అతుకులు పగులుతయ్ అయ్యా,” అని నాగవ్వ అరుపు వినిపించింది. “మూడొందల ఏళ్ళ రాగి. నా మాటినండి, నాలుగు తిత్తులన్నా పొయ్యండి.” ఎవరో ఆమెను ఈడ్చుకుపోయారు. ఆమె తిట్టిన తిట్లు స్తంభాల వెనక సన్నగిల్లాయి.

కప్పుమీద నీటిచప్పుడు ఆగిపోయింది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు. నన్నిదేవుడి వీపు కింద రాగి మెల్లమెల్లగా చిటపటమనడం మొదలుపెట్టింది.

“పిచ్చివాడా,” అన్నాడు చీకట్లోంచి అతని గొంతే. “బయటికి పోయి మళ్ళీ వచ్చావా? తప్పుకో. నేను పోతాను. ఎవరైతేనేం వాళ్ళకి, ఒక నన్నిదేవుడు చాలు.”

వాడు అడుగున తడుముతున్నాడు. నేతిలో జారుతున్న ఉక్కు రాగికి తగిలి సన్నగా మోగింది. కత్తి మళ్ళీ వాడి చేతికి చిక్కింది.

నన్నిదేవుడు తెరకు వీపు ఆనించి దారికి అడ్డంగా కూర్చున్నాడు. వాడు మీదికి వచ్చాడు. కత్తిని తప్పించే చోటు లేదు. అరచేయి అడ్డుపెట్టాడు. అలుగు అరచేతిలో దూరి వెనకవైపు తేలింది. ఆ గుచ్చుకున్న చేతితోనే కత్తిపిడిని వాడి పిడికిలితో సహా బిగించి, రెండో చేత్తో తన నడుమున మిగిలిన ఎర్రతాడు కొసను వాడి నడుము చుట్టూ ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తిప్పాడు. గానుగలో నేర్చిన ముడి. లాగేకొద్దీ బిగుస్తుంది.

వాడికి సంగతి తెలిసింది. “ఏం చేస్తున్నావు?” అన్నాడు. నటుడి గొంతు మొదటిసారి తన సొంత గొంతయింది, కాస్త కీచుగా, ఏదో ఎగువ ఊరి యాసతో. “విప్పు. వేగి చస్తాంరా ఇద్దరం.”

“ఊపిరి దాచుకో,” అన్నాడు నన్నిదేవుడు. అతని చెంప కాలుతోంది, ఎదుటివాడి చెంప కాలుతోంది, రెండూ ఒకే చెంప. “నువ్వు పుడితే ఆమె చస్తుంది. నేను పుట్టినా ఆమె చస్తుంది. అందుకని, ఇవాళ మనిద్దరిలో ఎవరమూ పుట్టం.”